బావ గుండెలోని పోగులు

బావ కట్టుడు పళ్ళు చేసేవాడు. పళ్ళ డాక్టరు క్లినిక్కు వెనక, మెట్ల కింద, రెండు బల్లలు పట్టే గదిలో ఆయన పని. ఒక బల్ల మీద వరసగా ప్లాస్టరు అచ్చులు, ఇంకో బల్ల మీద స్పిరిటు దీపం, మైనం, చిగుళ్ళ రంగు పొడి. ముందు గదిలో డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, వెనక గదిలో బావ దానికి సరిపడా పళ్ళు కూర్చేవాడు. ఎవరికి ఏ పన్ను కాస్త వంకరగా పెడితే సొంత పన్నులా ఉంటుందో ఆయనకి తెలిసినంత డాక్టరుకి కూడా తెలియదు.

"వీధిలో ఎవరైనా నవ్వితే ముందు పళ్ళు చూస్తాను, అందులో నావేమైనా ఉన్నాయేమోనని," అనేవాడు.

ఆయన పెళ్ళినాటికి మరదలికి పదకొండేళ్ళు. తల్లిదండ్రులు లేని పిల్ల కాబట్టి అక్క కాపురంతో పాటు ఆమె కూడా ఆ ఇంటికే వచ్చేసింది. అందరూ చిన్నది అనేవారు. డాక్టరేటు వచ్చింది, తల్లో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా నలభయ్యో ఏట కూడా ఆమె చిన్నదిగానే ఉండిపోయింది. ఆమెకి సైకిలు నేర్పింది బావే. ఆ సైకిలు మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంటే, సాయంత్రానికల్లా కొత్త పన్ను కట్టించి, "గట్టివి కొరక్కు, నాకు చెడ్డపేరు తెస్తావు," అన్నదీ బావే.

చిన్నదాని ఉద్యోగం ప్రోటీన్ల ఆకారాలు కనిపెట్టే ఒక ప్రయోగశాలలో. పద్నాలుగేళ్ళుగా ఒకే ప్రోటీన్ మీద పనిచేస్తోంది. కాలేయంలో తయారై, రక్తంలో తిరుగుతూ, ఒక విటమిన్‌నీ ఒక హార్మోన్‌నీ మోసుకెళ్ళే ప్రోటీన్ అది. ఒకేలాంటి నాలుగు ముక్కలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొందరిలో ఆ పట్టు సడలుతుంది. విడిపోయిన ముక్క తన మడతలు విప్పుకుని, తప్పు మడతలు పడి, అలాంటి మరో ముక్క మీద పేరుకుంటుంది. అలా వేలకు వేలు పేరుకుని పోగులవుతాయి. ఆ పోగులు కండలో దిగబడితే గుండె బిరుసెక్కిపోతుంది. నాలుగు ముక్కలూ కలిసి ఉన్నప్పటి ఆకారం చిన్నదానికి కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. కొన్ని వందల స్ఫటికాలు పెంచి, వాటి మీద ఎక్స్‌రేలు వేసి, ప్రతి మలుపూ కొలిచింది.

ఒకసారి అదంతా బావకి వివరించబోయింది. ఆయన మైనం కరిగిస్తూనే విని, "అంటే నీదీ నా పనే. నేను పళ్ళు కూరుస్తాను, నువ్వు అణువులు కూరుస్తావు. కాకపోతే నా సరుకు నవ్వుతుంది, నీది నవ్వదు," అన్నాడు.

ఆయనకి చేతుల తిమ్మిరి ఆరేళ్ళ కిందట మొదలైంది. పట్టుకున్న పన్ను జారి బల్ల కింద పడేది. మోకాళ్ళ మీద వంగి, తిట్టుకుంటూ వెతుక్కునేవాడు. ఒకరోజు కరిగిన మైనం వేలి మీద పడితే, కమురు వాసన వచ్చేదాకా ఆయనకి తెలియలేదు. రెండు మణికట్ల దగ్గరా నరం నొక్కుకుపోతోందన్నారు. ముందు కుడి చెయ్యి, ఆరు నెలలకి ఎడమ చెయ్యి ఆపరేషను చేశారు. రెండుసార్లూ వెంట వెళ్ళింది చిన్నదే. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, అచ్చుకు పంపాల్సిన వ్యాసం దిద్దుకుంది. ఆ వ్యాసం మొదటి పేరాలో ఒక వాక్యం ఉంది. ఈ జబ్బు చాలామందిలో గుండెను పట్టుకోవడానికి కొన్నేళ్ళ ముందే రెండు మణికట్లలో తిమ్మిరిగా బయటపడుతుంది, అని. ఆమె రాసిన వాక్యమే. అలాంటి వ్యాసాలన్నిటికీ మొదట్లో ఉండే మాట, పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎత్తి రాసుకునే మాట. అక్కడ ఒక కామా ఎక్కువైందనిపించి తీసేసింది. తలుపు అవతల బావ మణికట్టు కోస్తున్నారు.

తర్వాత ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. వేళ్ళకి మునుపటి చురుకు రాలేదు గానీ, రోజుకి చేసే పని సగం చేసుకుని సరిపెట్టుకున్నాడు. మరి కొన్నేళ్ళకి ఆయాసం పట్టుకుంది. క్లినిక్కు మెట్ల దగ్గర ఆగి, గోడ మీద పోస్టరు చదువుతున్నట్టు నటించేవాడు. సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. "కూర్చుని చేసే పని కదా, నీరు దిగుతుంది," అని అక్కకి సర్దిచెప్పేవాడు. ఒక ఉదయం పడక మీంచి లేవలేకపోయాడు.

గుండె డాక్టరు స్కాను చూశాడు. "మీ చేతులకి ఎప్పుడైనా ఆపరేషను జరిగిందా?" అని అడిగాడు. బావ రెండు మణికట్లూ తిప్పి చూపించాడు. డాక్టరు తలూపి, జబ్బు ఏమిటో చెప్పాడు. ఏ ప్రోటీన్ వల్ల వస్తుందో కూడా చెప్పాడు.

కుర్చీలో కూర్చున్న చిన్నది ఆ మాట విన్నది. ఆమె రోజుకి ఇరవైసార్లు పలికే మాట అది. మరొకరి నోట, ఇంకో గదిలో, బావ పేరు పక్కన వినేసరికి ముందు అర్థం కూడా కాలేదు.

"వయసు మీద పడ్డాక వచ్చే రకమే అయ్యుంటుంది, కాస్త ముందుగా వచ్చింది," అన్నాడు డాక్టరు. "జన్యుపరీక్ష సంగతి తర్వాత చూద్దాం, ముందు ఊపిరి కుదుటపడాలి. మందు ఉంది. కానీ అది పడ్డ పోగుల్ని కరిగించదు, కొత్తవి పడకుండా ఆపుతుంది. ఇంత ముదిరాక..." మిగతాది ఆయన చెప్పలేదు.

ఆ మందు ఎలా పనిచేస్తుందో చిన్నదానికి డాక్టరు కన్నా బాగా తెలుసు. ఆ చిన్న అణువు నాలుగు ముక్కల నడుమ ఉన్న సందులోకి దూరి, అవి విడిపోకుండా ఎలా పట్టి ఉంచుతుందో తన స్ఫటికాల్లోనే చూసింది.

మధ్యాహ్నం అక్క బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు బావ మంచం పక్కన చోటు చూపించాడు.

"సైంటిస్టు గారూ, ఇలా కూర్చోండి. డాక్టరు చెప్పింది నాకు సగమే ఎక్కింది. మిగతా సగం నువ్వు చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"నీ ప్రయోగశాలలో ఉన్నదీ ఇదేనా?"

"ఇదే బావా."

"ముందే తెలిసుంటే ఆ మందు పనిచేసేదా?"

ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. "పనిచేసేది," అంది.

"ఎంత ముందు?"

"చేతులప్పుడు."

బావ కిటికీ వైపు చూశాడు. అవతల ఎవరో నర్సు సైకిలుకి తాళం వేస్తోంది.

"మీ అక్కకి చెప్పకు," అన్నాడు. "తనకి నువ్వూ, మా అమ్మాయీ తప్ప ఎవరూ లేరు. నీ మీద కోపం పెంచుకుంటే ఒంటరిదైపోతుంది."

"నీకు కోపం లేదా బావా?"

"ఉంది. లేదంటే నమ్ముతావా?" కళ్ళు మూసుకున్నాడు. "రేపటికి తగ్గుతుందేమో చూద్దాం. రేపు రా."

మర్నాడు వెళ్ళింది. ఆయన కోపం మాట ఎత్తలేదు, ఆమె అడగలేదు. ముఖం ఇంకా ఉబ్బింది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"నేను పోయాక నా గుండె మీకు పనికొస్తుందా?"

"ఇప్పుడా మాటలెందుకు?"

"పనికొస్తుందా లేదా చెప్పు."

"వస్తుంది. ఇలాంటివి దొరకడం కష్టం."

"అయితే తీసుకోండి. ముప్పయ్యేళ్ళు అందరి నోళ్ళకీ అచ్చులు పోశాను. నాదీ ఒక అచ్చు తియ్యండి."

కాగితం తెప్పించుకుని సంతకం పెట్టాడు. పెన్ను రెండుసార్లు జారిపోయింది. జబ్బు పేరు తెలిసిన పదకొండో రోజున ఆయన పోయాడు.

ఆయన సంతకం కింద ఇంటివాళ్ళ సంతకం కూడా కావాలన్నారు. అక్క పెట్టింది. ఆ కాగితం తీసుకుంటూ డాక్టరు ఓదార్పుగా ఒక మాటన్నాడు. ఆ మాట అక్క నాలుగు రోజులు మనసులోనే పెట్టుకుంది. ఐదోరోజు బావ చొక్కాలు మడతపెడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"‘మీ చెల్లెలు పద్నాలుగేళ్ళుగా దీని మీదే పనిచేస్తున్నారటగా, ఆయన త్యాగం వృథా కాదు’ అన్నాడు డాక్టరు. నిజమేనా? ఈ జబ్బు మీదేనా నువ్వు పనిచేసేది?"

"జబ్బు మీద కాదక్కా. ఆ ప్రోటీన్ మీద."

అంటుండగానే ఆ జవాబు ఎంత చవకబారుగా ఉందో చిన్నదానికే తెలిసింది.

"చేతులు కోసినప్పుడు నువ్వే కదా వెంట ఉన్నది?"

"నేనే."

"మరి?"

"తట్టలేదు."

అక్క చొక్కా బొత్తాలు పెట్టడం ఆపింది. "రాత్రీ పగలూ తిమ్మిరి తిమ్మిరి అంటుంటే ఆ చేతులకి నూనె రాశాను. నేను చదువుకోలేదు గనక నూనె రాశాను. నువ్వేం రాశావే?"

చిన్నది లేచి నిలబడింది.

"కొన్నాళ్ళు నాకు కనిపించకు," అంది అక్క. అరవలేదు, ఏడవలేదు. మళ్ళీ చొక్కా చేతిలోకి తీసుకుంది.

అక్క కూతురు గుమ్మం దాకా వచ్చింది. బడిలో డ్రాయింగు టీచరు ఆ అమ్మాయి. చిన్నప్పుడు తండ్రి పనిగదిలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఆ పన్ను ఇలా పెట్టు, ఈ పన్ను అలా పెట్టు అని పురమాయించేది. అప్పటినుంచీ బావ ఆమెను మేస్త్రీ అనే పిలిచేవాడు. "నేను ఫోన్ చేస్తాలే పిన్నీ," అంది. చేసింది కూడా, అప్పుడప్పుడూ. అక్క మాత్రం చెయ్యలేదు.

ప్రయోగశాలకి మంచు పెట్టెలో ఒక డబ్బా వచ్చింది. మీద పేరు లేదు, ఒక అంకె మాత్రం ఉంది. ప్రయోగశాల నడిపే ప్రొఫెసరమ్మ చిన్నదాన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. "దీన్ని నువ్వు ముట్టుకోవద్దు. నియమం ఎలాగూ ఉంది. అది లేకపోయినా వద్దనే అనేదాన్ని."

ఆ పని చిన్నదాని పక్క బల్ల పరిశోధకుడికి పడింది. రోజుకి నాలుగు మాటలు దాటడు కాబట్టి అందరూ ఆయన్ని ముని అంటారు. గుండెలోంచి గోరంత ముక్క కోసి, సన్నగా తరిగి, ఉప్పునీళ్ళతో పదే పదే కడిగి, చివరికి ఉత్త నీళ్ళు పోస్తే పోగులు వదిలి నీళ్ళలోకి వస్తాయి. ఆ నీటిబొట్టును చిన్న రాగి జల్లెడ మీద వేసి, కన్ను మూసి తెరిచేలోగా గడ్డకట్టించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి ఫొటోలు తీస్తారు. ముని ఆ ముక్క కోయడానికి చిన్నది సెలవు పెట్టిన రోజును ఎంచుకున్నాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. మర్నాడు రిజిస్టరులో తేదీ చూసి ఆమెకే తెలిసింది.

ఐదు నెలలు గడిచాయి. లక్షల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు తీసి, పోగు లోపలి ఆకారాన్ని కంప్యూటరు గీసింది. ఒక మధ్యాహ్నం ముని ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒకచోట గొలుసు పట్టుబడట్లేదు. చూస్తారా?"

"మేడమ్ వద్దన్నారు కదా."

"అడిగాను. ముక్కను ముట్టుకోవద్దన్నాను గానీ బొమ్మను కాదు, అన్నారు."

ముని ఒక వారానికి మాట్లాడే మాటలన్నీ అయిపోయాయి. ఆమె లేచి ఆయన కుర్చీలో కూర్చుంది.

తెర మీద బూడిదరంగు వల లాంటి పటం. దానిలోపల ప్రోటీన్ గొలుసును కడియం తర్వాత కడియంగా అమర్చుకుంటూ పోవాలి. తను తట్టుకోలేనని భయపడింది. కానీ మొదటి రెండు రోజులూ ఏమీ అనిపించలేదు. అలవాటైన పని, చేతులే చేసుకుపోయాయి. తనకి కంఠతా వచ్చిన ప్రోటీనే. కానీ ఇక్కడ పాత మడతల్లో ఒక్కటీ మిగల్లేదు. పూర్తిగా విప్పుకుని, బల్లపరుపుగా పరుచుకుని, ఒకదాని మీద ఒకటి అంతులేకుండా పేర్చుకుపోయింది. ఇది ఊపిరాడనివ్వక బావను గోడకి ఆనుకునేలా చేసిన వస్తువు అన్న ఊహ మూడోరోజు వచ్చింది. లేచి, చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, అది పారుతున్నంతసేపూ ఏడ్చింది. మొహం తుడుచుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

ముని ఆగిపోయిన చోటు దాటాక, ఇంకో చోట ఆమె చెయ్యి ఆగింది. అక్కడ గొలుసులోని కడియం పక్కకి చాచాల్సింది పొట్టి కొమ్మ. పటంలో ఆ కొమ్మ చివర మరికొంత పొడుగ్గా, పల్చగా, సగం బలంతో ఒక ఉబ్బు ఉంది.

"ఇదేంటి?"

"చెత్తనుకున్నా," అన్నాడు ముని.

చెత్త అయితే ఇంత కచ్చితంగా సగం బలంతో ఉండదు. ఆమె పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పైపొర, కింద పొర, అన్నిట్లోనూ అదే చోట అదే ఉబ్బు. అక్కడ ఒక కడియం మారింది. అన్ని ముక్కల్లో కాదు, దాదాపు సగం ముక్కల్లో. తల్లినుంచి ఒకటీ తండ్రినుంచి ఒకటీ వచ్చే రెండు జన్యువుల్లో ఒకటి చెడిందన్నమాట. ఇది వయసుతో వచ్చిన రకం కాదు. పుట్టుకతో వచ్చింది. బావకి పెద్దవాళ్ళనుంచి వచ్చింది. బావనుంచి...

ఆమె కుర్చీ వెనక్కి నెట్టింది. "మేస్త్రీ," అంది పైకే. ముని ఏమిటని అడగలేదు. వెళ్ళి ప్రొఫెసరమ్మను పిలుచుకొచ్చాడు.

మిగిలిన కణజాలంలోంచి జన్యువును చదివించారు. రెండు వారాలకి అదే తేలింది. కుటుంబానికి తెలియజెయ్యాలని, ఇలాంటి పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం ఆస్పత్రికి రాసింది.

"ఆస్పత్రి వాళ్ళే ఉత్తరం పంపుతారు. నువ్వు వెళ్ళనక్కర్లేదు," అంది ప్రొఫెసరమ్మ.

"కవరు చింపి తెలుసుకోవాల్సిన సంగతి కాదు మేడమ్."

కనిపించకు అన్న ఏడు నెలలకి చిన్నది అక్క ఇంటి గుమ్మం ముందు నిలబడింది. తలుపు అక్కే తీసింది. బాగా చిక్కిపోయింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కకి జరిగింది. మేస్త్రీ సెలవురోజు కాబట్టి ఇంట్లోనే ఉంది.

చిన్నది నిలబడే చెప్పింది. నీళ్ళు నమలకుండా, డొంకతిరుగుడు లేకుండా, వచ్చేటప్పుడు బస్సులో అనుకున్న మాటల్లోనే చెప్పింది. సగానికి సగం అవకాశం అని చెప్పి ఆగింది.

"ఈసారి తట్టిందా," అంది అక్క.

"తట్టింది."

"ఆయన్ని ముక్కలు చేసి చూస్తే తట్టిందా?"

"అమ్మా," అంది మేస్త్రీ.

"ఉండవే. అడగనీ."

"అవునక్కా," అంది చిన్నది. "అలా చూస్తేనే తట్టింది."

అక్క కూర్చుండిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి మేస్త్రీయే పిన్నిని చేయి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తల్లికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "పరీక్ష ఎక్కడ చేస్తారు పిన్నీ? రేపు బడికి సెలవు పెడతాను," అంది.

పరీక్ష ఫలితం మూడు వారాలకి వచ్చింది. ఉంది అన్నారు. తండ్రిలో మారిన కడియమే కూతురిలోనూ మారింది. ఇప్పుడు గుండెలో ఏమీ లేదు, ఇంకో ఇరవై ఏళ్ళ దాకా ఏమీ రాకపోవచ్చు, ఏడాదికోసారి చూడాలి, మొదటి గుర్తు కనిపించగానే మందు మొదలుపెట్టాలి అని చెప్పాడు డాక్టరు. మేస్త్రీ అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది. బయటికి వచ్చాక అదే పేజీలో పెన్సిలుతో ఏవో గీతలు గీస్తూ కూర్చుంది.

"నాకు పెళ్ళి అయితే చెప్పాలి కదా వాళ్ళకి," అంది మేస్త్రీ. "పిల్లలు..." అని ఆపేసింది.

అక్క ఇద్దరికీ దూరంగా, వరండా చివర నిలబడి ఉంది. ఇంటికి బయల్దేరేముందు చెల్లెలి దగ్గరికి వచ్చింది.

"ఏటేటా నువ్వే తీసుకురా దీన్ని. వేరే ఎవర్నీ నమ్మను. నిన్ను నమ్ముతున్నానని కూడా కాదు. ఈసారి కళ్ళు తెరుచుకుని చూడు."

ఆ తర్వాత చిన్నది ఆదివారాలు ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్క మాట్లాడుతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా, బస్సు దొరికిందా, అంతవరకే. బావ మాట రాగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మునుపటిలా చెల్లెలి జడ లాగి నూనె పెట్టదు, వెళ్ళేటప్పుడు వీధి మలుపు దాకా రాదు. చిన్నది కూడా అవి ఆశించడం మానేసింది. ఒకసారి మేస్త్రీ ఏదో చెప్పబోతూ చెయ్యి విదిలించింది. ఆ విదిలింపుకి ఇద్దరూ ఒకేసారి ఆమె వేళ్ళ వైపు చూశారు. "సుద్దముక్క పొడి," అంది మేస్త్రీ నవ్వి. అక్కాచెల్లెళ్ళు నవ్వలేకపోయారు.

పోగు ఆకారం మీద వ్యాసం తయారైంది. అచ్చుకు ముందు చివరి దిద్దుబాటు ప్రతి ఒక శనివారం వచ్చింది. మర్నాడు చిన్నది దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళి, అక్క ముందు బల్ల మీద పెట్టింది.

"ఆయన గురించేనా?" అంది అక్క. ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు.

"ఆయన గురించే."

"పేరు వేశారా?"

"వెయ్యకూడదక్కా. ఎవరి పేరూ వెయ్యరు."

"మరి ఎలా తెలుస్తుంది ఆయనని?"

"తెలియదు."

అక్క కాగితాల మీద చెయ్యి ఆనించింది. బొమ్మ ఉన్న పేజీ తిప్పి చూసింది. రంగురంగుల నాడాలు పొరలు పొరలుగా పేర్చినట్టున్న బొమ్మ. "ఆయన గురించి రాసింది ఎక్కడుందో అది చదువు," అంది. "మన మాటల్లో చెప్పు."

చిన్నది వేలు పెట్టి చదివింది. "ఈ పోగులను, గుండె వైఫల్యంతో మరణించిన అరవై ఒక్క ఏళ్ళ పురుషుడి హృదయం నుంచి వేరుచేశాం. దాత సమ్మతి, కుటుంబ సమ్మతి తీసుకున్నాం."

"అంతేనా?"

"అంతే."

"అరవై ఒకటి ఎక్కడివే?" అంది అక్క. "పోయేనాటికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. అరవయ్యే."

చిన్నది వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నిజమే. ఆస్పత్రి కాగితంలో పుట్టిన సంవత్సరం ఒక్కటే చూసి ఎవరో తీసివేత చేశారు.

"మార్చొచ్చా?"

"మార్చొచ్చు. రేపటిదాకా గడువుంది."

"మార్చు."

చిన్నది సంచిలోంచి పెన్ను తీసి, అంకె కొట్టేసి, పక్కన అరవై అని వేసింది. అక్క కాగితం తన వైపు తిప్పుకుని, ఆ అంకెను దగ్గరగా పెట్టుకుని చూసి, సరిగ్గా ఉందని తలూపింది.